కరెంటు నడవని తీగను కొలిచిన రోజు

"రెండువందల ముప్పై," అన్నాను, మోకాళ్ల మీద కూర్చునే మీటరు పైకెత్తి చూపిస్తూ. "లైన్ బరాబర్ ఉన్నది సార్. కరెంటుకేం రోగం లేదు."

నా వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. లేడీస్ హాస్టల్ మెస్సు మేనేజరు, మా ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ అన్న, వంట అక్క. ఎదురుగా మూడువందల మంది ఆడపిల్లలకు ఇడ్లీ పిండి రుబ్బే పెద్ద గ్రైండరు. కాలిన మోటారు కంపు ఇంకా వస్తూనే ఉంది. నెలలో ఇది రెండోసారి.

మేనేజరు నా మీటరు వంక చూశాడు. తర్వాత అక్క వంక చూశాడు.

"విన్నవా అమ్మా? కరెంటు మంచిగనే ఉన్నదట. అంటే మోటరు కాల్చింది కరెంటు కాదు, నువ్వు."

"నేనేం జేసిన సార్? బియ్యం పోసిన, పప్పు పోసిన, స్విచ్చు ఏసిన. ఆరేండ్ల సంది గట్లనే జేస్తున్న."

"ఎక్కువ పోసుంటవ్. లేకుంటే నీళ్లు కొట్టి కడిగుంటవ్. సోమవారం నుంచి వేరే మనిషిని తెచ్చుకుంటం. గీ రెండు మూడు రోజులు ఉప్మా చెయ్యి."

అక్క నన్ను చూసింది. నేను మీటరు తీగలు చుట్టుకుంటూ బ్యాగులో పెట్టుకున్నాను. నాకేమీ పట్టనట్టు.

కొత్తగా టూల్ బ్యాగు భుజానికేసుకున్న చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఇది రాస్తున్నాను. నేను పెద్ద చదువులు చదవలేదు. పదో తరగతి, ఆ తర్వాత ఐటీఐ. గోల్నాక నుంచి బస్సెక్కి వచ్చి యూనివర్సిటీ క్యాంపస్‌లో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌గా మూడేళ్లు చేశాను. మా గ్యాంగులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. నాకు నోరెక్కువ, చెయ్యి అంతకంటే స్పీడు. అందరికంటే ముందు నిచ్చెనెక్కేది నేనే, అందరికంటే ముందు "అయిపోయింది అన్నా" అనేదీ నేనే. ఇప్పుడు తార్నాకలో మరో అమ్మాయితో కలిసి సొంతంగా రిపేర్ పనులు చేసుకుంటున్నాను. పనిలో నా ధైర్యం ఎక్కడ నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే, నేను మంచి పని చేసిన రోజుల గురించి చెప్పను. ఈ గ్రైండరు గురించే చెబుతాను.

ఆ రోజు గురువారం. కాలిన మోటారును గోనె సంచిలో చుట్టి, అన్న స్కూటరు మీద కాళ్ల మధ్య పెట్టుకుని, తార్నాకలో మోటారు వైండింగ్ చేసే చాచా దగ్గరికి తీసుకెళ్లాం. మొదటిసారి కాలినప్పుడూ చుట్టింది ఆయనే. మోటారు విప్పి, లోపలి తీగచుట్టలు చూసి, కళ్లజోడు పైకి జరిపాడు.

"అరె బేటా, దీన్ని ఎవరు కాల్చిండ్రు?"

"వంటామె చాచా. నీళ్లు కొట్టి కడిగిందంట."

"నీళ్లు పోతే ఒక్క దిక్కు కాల్తది, గాడ తుప్పు మరక కూడా ఉంటది. ఇది చూడు, అంతా ఒక్క తీరు నల్లగైంది. స్టార్ట్ అయితందుకు గుంజుకోని గుంజుకోని సచ్చింది పాపం. పోయినసారి కూడా గిట్లనే ఉండె. మీ తాన వోల్టేజ్ తక్కువొస్తుందేమో చూస్కోండ్రి."

"వోల్టేజ్ ఫుల్లున్నది చాచా. నేనే చూసిన. రెండువందల ముప్పై."

చాచా నన్నొకసారి, మోటారునొకసారి చూశాడు. "మరి ఈ మోటరు అబద్ధం చెప్తుందేమో," అని పాత తీగ కోయడం మొదలుపెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు అన్న వాగుతూనే ఉన్నాడు, నేను మాత్రం మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం ఎంత వింతో మా గ్యాంగును అడగాలి. "ఏమైందే? జరమా?" అన్నాడు అన్న.

మర్నాడు పొద్దున హాస్టల్లో మళ్లీ ఉప్మా. పిల్లలు ప్లేట్ల మీద స్పూన్లతో దరువేస్తున్నారు. అక్క గంటె పట్టుకుని వడ్డిస్తోంది, ఎవరి మొహం వైపూ చూడటం లేదు. నన్ను చూసి మాత్రం ఆగింది.

"పిల్లా, ఒక్క మాట అడుగుత. కప్పుల లెక్క నేను తప్పిననా అని రాత్రంత మతికి తెచ్చుకున్న. ఆరేండ్ల సంది అవే కప్పులు, అదే కొలత. నా చేతులే నన్ను మోసం జేస్తున్నయా?"

"నాకేం తెలుసక్కా," అన్నాను. ఇంతకంటే పనికిమాలిన జవాబు నేను జీవితంలో ఎవరికీ ఇవ్వలేదు.

ఆ రోజు నా డ్యూటీ ఫిజిక్స్ డిపార్టుమెంటులో. ల్యాబులో ఫ్యాను తిరగడం లేదని కంప్లయింటు. ఆ ల్యాబులో పెద్దాయన ఒకరుండేవారు. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన ల్యాబ్ అసిస్టెంటు, ఆదివారం చర్చిలో పాటలు పాడతారని చెప్పేవారు. పిల్లలు ప్రయోగాలు చేయడానికి ముందే బల్లల మీద బ్యాటరీ, తీగచుట్ట, వోల్టు మీటరు, ఆంపియరు మీటరు వరసగా అమర్చి పెట్టేవారు. నేను ఫ్యాను విప్పుతూ ఊరుకుంటానా! నిచ్చెన మీద నుంచే మొత్తం కథ చెప్పేశాను.

ఆయన బల్లలు తుడవడం ఆపారు.

"అమ్మాయ్, నువ్వు మీటరు పెట్టినప్పుడు గ్రైండరు తిరుగుతోందా?"

"కాలిపోయింది కద సార్, ఎట్ల తిరుగుతది?"

"పోనీ, ఆ లైను మీద ఇంకేదైనా నడుస్తోందా?"

"లేదు. అంతా బంద్ చేసిన. సేఫ్టీ కోసం."

"అయితే కుళాయి కట్టేసి, పైపు నిండా నీళ్లున్నాయి కాబట్టి పైపు బాగుందని చెప్పొచ్చావన్నమాట."

నేను నిచ్చెన దిగాను. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. పైపులో అడ్డం ఉన్నా సరే, నల్లా బంద్ ఉన్నంతసేపూ పైపు నిండుగానే ఉంటుంది. తిప్పితేనే కదా సన్నధార కనిపించేది!

ఆయన ఒక బల్ల దగ్గర స్విచ్చు వేశారు. మీటర్ల ముళ్లు లేచాయి.

"కరెంటు నడవనప్పుడు ఎంత పాడు తీగలోనైనా వోల్టులు పోవమ్మా. నడిచినప్పుడే పోతాయి. ఎక్కడ అడ్డం ఉంటే అక్కడ పోతాయి. పోయిన వోల్టుల్ని ఆంపియర్లతో భాగించు, ఆ అడ్డం ఎన్ని ఓములో తెలుస్తుంది. అవే పోయిన వోల్టుల్ని ఆంపియర్లతో గుణించు, అక్కడ ఎన్ని వాట్లు వేడిగా తగలబడుతున్నాయో తెలుస్తుంది. రెండే లెక్కలు. నువ్వు చదివినవే."

చదివినవే. ఐటీఐ పరీక్షలో ఆ రెండు లెక్కలకూ ఫుల్ మార్కులొచ్చాయి నాకు. వోల్టులు ఇంత, ఆంపియర్లు ఇంత, రెసిస్టెన్సు ఎంత, పవర్ ఎంత అని అడిగితే కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. కానీ అక్కడ వోల్టులను ప్రశ్నలోనే ఇచ్చేవాళ్లు. ఏ రెండు చోట్ల మధ్య వోల్టులు కొలవాలో, ఎప్పుడు కొలవాలో నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఫ్యాను బిగించి, మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా హాస్టలుకు పోయాను. అన్నను వరండా చివర మెయిన్ బోర్డు దగ్గర మీటరుతో నిలబెట్టాను. నేను మెస్సులో గ్రైండరు ప్లగ్గు దగ్గర కూర్చున్నాను. ఆ ప్లగ్గుకు టీ నీళ్లు కాచే కరెంటు బాయిలరు తగిలించాను. రెండువేల వాట్లది. నిండా నీళ్లు పోసి స్విచ్చు వేసి, తీగల్లో ఒక్కదాని చుట్టూ ఆంపియర్లు చూపే క్లాంప్ మీటరు బిగించాను. ఫోనులో అన్న.

"ఎంతున్నదన్నా?"

"రెండువందల ముప్పై. నిన్న నువ్వు చెప్పినంతే."

నా మీటరు వంక చూశాను. రెండువందల పద్నాలుగు. మీటరు తీసి మళ్లీ పెట్టాను. రెండువందల పద్నాలుగే. క్లాంప్ మీటరులో ఎనిమిది ఆంపియర్లు.

ఒక్క నిమిషంలోనే బాయిలరు బంద్ చేసేశాను. బియ్యం బస్తా అట్టముక్క మీద పెన్సిలుతో లెక్క వేశాను. బాయిలరు మీద అనుమానం ఉండకూడదని ముందు దాన్నే చూశాను. రెండువందల పద్నాలుగును ఎనిమిదితో భాగిస్తే ఇరవై ఆరు ముప్పావు ఓములు. ఆ సైజు బాయిలరుకు ఉండాల్సిందీ కొంచెం అటూ ఇటూగా అంతే. అది మంచిదే. మరి దారిలో పోయినవి పదహారు వోల్టులు. పదహారును ఎనిమిదితో భాగిస్తే రెండు ఓములు. ఆ పొడవు తీగకు పావు ఓము ఉంటే ఎక్కువ. పదహారును ఎనిమిదితో గుణిస్తే నూటఇరవై ఎనిమిది.

నూటఇరవై ఎనిమిది వాట్లు! పాతకాలం వందవాట్ల బల్బు వెలిగేటప్పుడు ఎప్పుడైనా ముట్టుకున్నారా? అంతకంటే ఎక్కువ వేడి, బోర్డుకూ మెస్సుకూ మధ్య గోడలో ఎక్కడో పుడుతోంది. పిల్లలు అన్నం తినే హాలు గోడలో. గ్రైండరు స్టార్ట్ అయ్యేటప్పుడు ఎనిమిది ఆంపియర్లతో ఆగదు. దానికి మూడు నాలుగు రెట్లు లాగుతుంది. పాపం ఆ మోటారు గుంజుకుని గుంజుకుని చచ్చిందంటే చావదా మరి! చాచా మోటారు అబద్ధం చెప్పలేదు. మీటరు కూడా అబద్ధం చెప్పలేదు. ఆ మధ్యలో ఉన్నదాన్ని నేనే.

అన్న ఫోనులో అరుస్తున్నాడు. "ఎక్కడుంటదే గా అడ్డం? గోడంత పగలగొట్టాల్నా?"

"వద్దన్నా," అన్నాను. "మెస్సు తలుపు పైన జాయింటు బాక్సున్నది కదా."

ఆ బాక్సు నాకు తెలుసు. వేసవి సెలవుల్లో ఆ హాస్టల్లో పాత అల్యూమినియం తీగలు తీసి కొత్త రాగి తీగలు లాగాం. తెల్లారితే హాస్టలు తెరుస్తారనగా కొన్ని లైన్లకు రాగి తీగ అయిపోయింది. మెస్సు లైనుకు బోర్డు నుంచి ఆ బాక్సు దాకా కొత్త రాగి, బాక్సు నుంచి ప్లగ్గు దాకా పాత అల్యూమినియం. రెండింటినీ కలపడానికి దానికని వేరే కనెక్టరు ఉంటుంది. అది కూడా అయిపోయింది. "మెలిపెట్టి టేపు సుట్టెయ్, కనెక్టర్లు వచ్చినంక చూద్దాం," అన్నాడు అన్న. మెలిపెట్టింది ఎవరు? నిచ్చెన ముందెక్కేది ఎవరు? "అయిపోయింది అన్నా," అన్నది ఎవరు?

కనెక్టర్లు వారంలో వచ్చాయి. ఆ సంగతి మతికి రాలేదు. రెండు జాతుల లోహాలను ఒట్టి మెలికతో కలిపితే, వంటింటి ఆవిరికి వాటి మధ్య బూజులాగా పొర కడుతుంది. పొర కడితే వేడి, వేడెక్కితే మెలిక వదులు, వదులైతే ఇంకా వేడి. ఇదీ చదివిందే.

మెయిన్ బంద్ చేయించి, మీటరుతో లైను చచ్చిందని చూసుకుని, నిచ్చెనెక్కి మూత విప్పాను. టేపు పకోడీలాగా మాడిపోయి ఉంది. ముట్టుకుంటే రాలింది. బాక్సు లోపలి గోడ నల్లగా కరిగి ఒక పక్కకు వంగింది. ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేదో నేను రాయను, మీరే అనుకోండి.

అన్న కింద నుంచి చూసి తల గోక్కున్నాడు.

"కోసెయ్. కొత్త తీగ ప్లగ్గు దాక లాగుదాం. గంటల అయిపోతది. మూత పెట్టెయ్, ఎవరికి తెల్వది."

"అక్క సంగతేందన్నా?"

"ఆమె మన డిపార్టుమెంటా? మెస్సోళ్లది మెస్సోళ్లు చూసుకుంటరు. ఇంకో తాన పని దొరుకుతది ఆమెకు."

"దొరికిన తాన కూడా గీమె మోటర్లు కాలుస్తదంటరు కదన్నా. నేనే కదా అనిపించింది."

"అరె, నీ నౌకరి పోతది పిచ్చిదానా! నాది గూడ!"

"టేపు సుట్టమన్నవని నేను చెప్ప. సుట్టింది నేను, గంతవరకే చెప్త."

అన్న ఏదో తిట్టు నోట్లోనే మింగాడు. నేను ఆ మాడిన మెలికను రెండు వైపులా జానెడు తీగతో సహా కోసి, బస్తా అట్టముక్క మీద పెట్టుకుని, మేనేజరు గదికి నడిచాను. ధైర్యంగా నడిచానని రాస్తే అబద్ధం. ఆగితే మళ్లీ నడవలేనని తెలిసి గబగబా నడిచాను. దారిలో వంటింటి గుమ్మం దగ్గర అక్క కనిపిస్తే, "నువ్వు కూడా రా అక్కా," అన్నాను.

మేనేజరు టేబుల్ మీద పెట్టాను.

"సార్, మోటరు కాల్చింది ఇది. ఇది నేను సుట్టిన జాయింటు."

ఆయన ముక్కు మూసుకుని చూశాడు. "నువ్వే కదా నిన్న రెండువందల ముప్పై ఉన్నదన్నవ్?"

"అవును సార్, నేనే చెప్పిన. అంతా బంద్ పెట్టి కొలిచిన. కరెంటు నడవని తీగను కొలిచి మంచిగున్నదన్న. ఇయ్యాల నడిపించి కొలిచిన." అట్టముక్క తిప్పి లెక్క చూపించాను. "పదహారు వోల్టులు దారిల పోతున్నయి. నూటఇరవై ఎనిమిది వాట్లు తలుపు మీద కాల్తున్నయి. ఆమె కప్పులు కరెక్టే ఉన్నయి సార్. నా జాయింటే తప్పు."

"ఈ అంకెలు నాకేం తెలుస్తయ్ అమ్మా? నిన్న ఒకటి చెప్పినవ్, ఇయ్యాల ఇంకోటి. రేపేం చెప్తవ్?"

కోపం రాలేదు. ఆయన అడిగింది న్యాయమే. "సాయంత్రం అయిదింటికి మెస్సులోకి రండి సార్. నా మాట నమ్మకండి, మీ చేత్తోనే మీటరు పెట్టి చూడండి," అన్నాను.

నాలుగు గంటల్లో బోర్డు నుంచి ప్లగ్గు దాకా మధ్యలో ఒక్క ముడి కూడా లేకుండా కొత్త రాగి తీగ లాగేశాం. అన్న మొహం ముడుచుకునే, తీగ అవతలి కొస నుంచి లాగుతూనే ఉన్నాడు. అయిదింటికి అదే బాయిలరు, అవే నీళ్లు. మేనేజరు వంగి, ప్లగ్గు దగ్గర మీటరు మొనలు పెట్టాడు. రెండువందల ఇరవై ఎనిమిది. క్లాంపులో ఎనిమిదిన్నర దాటింది. పోయింది రెండే వోల్టులు. అంటే పావు ఓము. ఆయన లెక్క వేయలేదు కానీ, బాయిలరు తొందరగానే బుసబుసలాడడం మాత్రం విన్నాడు.

నిలబడి చేతులు దులుపుకున్నాడు. "సోమవారం ఎవరినీ రావద్దని చెప్త," అన్నాడు గోడ వంక చూస్తూ. తర్వాత నా వైపు తిరిగి, "నీ మీద మాత్రం మీ ఆఫీసుకు రాసి పంపుత," అన్నాడు. పంపాడు కూడా. మెమో వచ్చింది. ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అందరూ వెళ్లాక అక్క నా ముందుకొచ్చి నిలబడింది. కాళ్ల మీద పడుతుందనో, దండం పెడుతుందనో అనుకున్నానేమో నేను! గట్టిగా ఒక మొట్టికాయ వేసింది.

"రెండు రోజులు నా చేతుల మీద నాకే అనుమానం పుట్టించినవ్ గదనే. గది నేను మర్వ."

"మర్వకక్కా," అన్నాను. కళ్లల్లో నీళ్లు మొట్టికాయకే వచ్చాయని చెప్పుకున్నాను.

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని వేళ్ల మీద లెక్కబెట్టాను. ఆ వేసవిలో ఆ హాస్టల్లో నేను టేపు చుట్టిన బాక్సులు ఇంకా ఎన్ని? వంటింటి వెనక ఒకటి. నీళ్ల మోటారు దగ్గర ఒకటి. రీడింగ్ రూములో రెండు. మెట్ల కింద ఒకటి. అయిదు. అన్న అడగలేదు, మేనేజరు అడగలేదు, మెమోలో కూడా వాటి ఊసు లేదు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

తెల్లారి మొదటి బస్సుకే పోయాను. డ్యూటీకి ఇంకా రెండు గంటలుంది. స్టోర్లో కనెక్టర్ల డబ్బా తీసుకుని, నిచ్చెన భుజాన వేసుకుని, మెయిన్ బంద్ చేసి వంటింటి వెనక బాక్సు దగ్గరికి వెళ్లాను. పొయ్యి మీద ఉప్మా రవ్వ వేగుతున్న వాసన. మోటారు ఇంకా చాచా దగ్గరే ఉంది. పాత టేపు కోసి, తీగలు గీకి శుభ్రం చేసి, కనెక్టరు బిగించాను. లైను వేసి, బాయిలరు నడిపించి, రెండు చివర్లా కొలిచాను. తర్వాత జేబులోంచి మార్కరు తీసి, మూత లోపలి వైపు వోల్టులు, ఆంపియర్లు, తేదీ రాశాను. వాటి కింద, మొదటిసారి, నా పేరు రాశాను.

మూత బిగిస్తుంటే నిచ్చెన కదలడం ఆగింది. కిందికి చూస్తే అక్క, ఒక చేతిలో గంటె, ఇంకో చేత్తో నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది.

"ఇంకెన్ని ఉన్నయే?"

"నాలుగు."

"నడువ్ మరి. స్టవ్ సిమ్ముల పెట్టొచ్చిన."

నేను దిగి, నిచ్చెన ముందు కొస ఎత్తుకున్నాను. వెనక కొస అక్క ఎత్తుకుంది.